40 వేల మంది చూశారు సరే, సాక్షులెంతమంది?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఊరు విజయనగరం జిల్లా, ఉద్యోగం హైదరాబాదులో. సంక్రాంతికి వెళ్లినప్పుడు మంచినీళ్ల ట్యాంకు కింద పైపు పగిలి, పక్కనున్న మురుగు కాలవ నీళ్లు అందులోకి పోతుంటే రీల్ తీసి పెట్టారు. 40 వేల మంది చూశారు. రెండు నెలలైనా పైపు అలాగే ఉంది. పైగా ఊరి పెద్దమనిషి ఒకాయన మీ నాన్నగారిని పిలిచి "మీవోడు ఊరి పరువు తీసేస్తన్నాడు" అన్నాడట. ఆన్‌లైన్‌లో గొంతెత్తడం వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక అదో కాలక్షేపమా అని అడిగారు.

ఒరుగుతుంది. మీరు సగం దాకా వచ్చి ఆగారు, అంతే. మిగతా సగం గురించి నాకు తెలిసింది చెప్తాను. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో, అంటే పనుల లెక్కల్ని ఊరి జనం ముందే చదివి సరిచూసే పనిలో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పన్నెండేళ్లు తిరిగాను. ఇప్పుడు మా మండలంలో మహిళా సంఘాలవాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న తొలివిడత 200 జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో విజయనగరం ఉంది. శ్రీకాకుళం రెండో విడతలో చేరింది. ఆ చట్టం 17వ సెక్షను, పనుల మీద గ్రామసభే సామాజిక తనిఖీ చేయాలని చెప్పింది. మన ఉమ్మడి రాష్ట్రం 2006లోనే ఆ పనికి దిగింది, 2009లో దానికోసం వేరే సొసైటీ పెట్టింది. మస్టర్లు, అంటే పనికి ఎవరొచ్చారో రాసే హాజరు పట్టీలు, వెబ్‌సైటులో ఉండేవి. ఢిల్లీలో కూర్చున్నవాళ్లయినా, దుబాయిలో ఉన్నవాళ్లయినా తెరిచి చూసుకోవచ్చు. అంత బహిరంగంగా ఉన్నా దొంగ పేర్లు అందులోనే హాయిగా ఉండేవి.

ఒక ఊళ్లో రామమందిరం అరుగు మీద కూర్చుని ఆ మస్టరు ప్రింటు పైకి చదువుతున్నాను. చెరువు పూడికతీత, ఆరు రోజుల పని. ఒక పేరు దగ్గరికొచ్చేసరికి గోల ఆగిపోయింది. వెనకనుంచి ఒక ముసలమ్మ లేచి "మల్లీ సదువమ్మా" అంది. చదివాను. "ఆడు నా కొడుకే. పోయి రెండేళ్లయిపోనాది" అంది. ఆ మాటతో ఇంకో కుర్రాడు లేచి, ఆ వారమంతా తను చెన్నైలో ఉన్నానని, తన పేరు కూడా చూడమని అడిగాడు. ఆ తర్వాత నేను చదవక్కర్లేకపోయింది, వాళ్లే నా చేతిలోంచి కాగితాలు తీసుకుని చూసుకున్నారు.

ఆ మస్టరు అప్పటికే ఏడాదిగా ఇంటర్నెట్‌లో ఉంది. దాన్ని చూడగలిగినవాళ్లకు ఆ పేరు ఎవరిదో తెలియదు. తెలిసిన తల్లికి అది చూసే దారి లేదు. మీ రీల్ విషయంలోనూ జరిగింది ఇదే. 40 వేల మంది చూశారు. వాళ్లలో మీ ట్యాంకు నీళ్లు తాగేవాళ్లు ఎంతమంది? మీ వీధిలో ఆ నీళ్లు పట్టుకునే ఆడవాళ్లలో ఎంతమంది దాన్ని చూశారు, చూసి "అవును, ఇది నిజం, మా ఇంట్లో ఫలానా రోజున ఇలా వచ్చింది" అన్నారు? చూసినవాళ్లు వేరు, సాక్షులు వేరు. అధికారి వ్యూస్ లెక్కకు జడిసేది ఒక్క రోజే. సంతకం పెట్టి ఎదురుగా నిలబడ్డ పదిమంది సాక్షుల్ని మాత్రం అంత సులువుగా పక్కన పెట్టలేడు.

వీడియో ఒక్కటే పని చేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో మన రెండు జిల్లాల మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల్లోనే చిక్కుకుపోయారు. ఫోన్లలో మాట్లాడి వీడియోలు పంపారు. అవి మన ఊళ్లలో ప్రతి ఫోనుకీ చేరాయి, టీవీల్లో వచ్చాయి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి. ఏప్రిల్ నెలాఖరుకి వాళ్లు బస్సులెక్కారు. ఆ వీడియోల్లో మాట్లాడింది కష్టపడుతున్నవాళ్లే. ఎక్కడున్నారో చెప్పారు. అడిగింది ఒకే ఒక్కటి: మమ్మల్ని ఇంటికి చేర్చండి. పైవాళ్లు ఒక్క నిర్ణయం తీసుకుంటే తీరిపోయే కష్టం అది. మీ పైపు అలాంటిది కాదు. దానికి అంచనా వేయాలి, నిధి ఏదో తేలాలి, పని ఎవరిదో తేలాలి, అయ్యాక మళ్లీ పగలకుండా చూసుకోవాలి. ఒక్కరోజు కదలికతో తీరేది కాదు గనక దాని వెంట కాగితం నడవాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట సంగతి మీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి చేతిలో ఇన్ని ఫోన్లు లేవు. బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం లేచారు. కాగితాల్లో అది పనికిరాని భూమి. అక్కడివాళ్లకు నీళ్లు నిలిచే నేల, వరి పండే నేల, చేపలు దొరికే నేల. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఊళ్లో జనం నిలబడ్డారు, ఢిల్లీలో అప్పీలు నడిచింది. రెండూ ఉన్నాయి గనకే ఆ రోజు అక్కడ ఆ తీర్పు వచ్చింది.

ఇక్కడే డోలీ వీడియోల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కొండ ఊళ్ల నుంచి నొప్పులు పడుతున్న గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో మోసుకొస్తుంటే తీసిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. వాటివల్ల కొన్ని ఊళ్ల మాట పైదాకా వెళ్లిందన్నది నిజమే. కానీ ఆ ఆడమనిషి ముఖం, ఆ నొప్పి, చెదిరిన బట్ట లోకమంతా చూడాల్సిన అవసరం ఏముంది? ఆమెను అడిగి పెట్టారా? నేను ఆ కుర్రాళ్లకు చెప్పేది ఒకటే. దారిని తీయండి. అంబులెన్సు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నిలబడి మొదలుపెట్టండి. గెడ్డ (వాగు) దగ్గర ఎంతలోతు నీళ్లున్నాయో చూపించండి. ఊరు చేరేసరికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూపించండి. అలా తీసిన వీడియో రోడ్డు అర్జీకి జతచేయడానికి పనికొస్తుంది, ఆమె మర్యాదా దక్కుతుంది.

సాక్షులు అన్నాను కదా, అదెలా కుదురుతుందో చూసిన సంగతి చెప్తాను. మా వైపు సముద్రం దగ్గర ఒక ఊరు. చివరి వీధికి కుళాయి నీళ్లు సరిగ్గా రావు. అడిగినప్పుడల్లా "రోజూ వదులుతున్నాం" అనే జవాబు. అక్కడి కుర్రాళ్లు కూడా మీలాగే వీడియోలు పెట్టారు, వారం రోజులు హడావుడి, తర్వాత మామూలే. ఓ సాయంత్రం ఆ వీధిలో ఒకావిడ ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే గోడ మీద క్యాలెండరు కనబడింది. పాల లెక్క రాసుకుంటారే, తేదీ పక్కన అర లీటరు, లీటరు అని, అలాంటిది. నీళ్లు రాని రోజున అదే క్యాలెండరు మీద సున్నా చుట్టమన్నాను. వస్తే ఎన్ని బిందెలు నిండాయో అంకె వేయమన్నాను. "దానికేటి, ఏసెస్తాం" అన్నారు. 11 ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ప్రతి నెలా ఒకటో తారీకున ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఒక డిగ్రీ చదివే అమ్మాయి పని.

మూడు నెలలు గడిచాయి. సోమవారం అర్జీల కార్యక్రమానికి నలుగురు ఆడవాళ్లు ఆ క్యాలెండరు కాగితాలే చుట్టచుట్టి పట్టుకెళ్లారు. బల్ల మీద పరిచారు. ఫిబ్రవరి కాగితంలో 28 రోజులకి 17 సున్నాలు. పక్కింటి కాగితంలోనూ అవే తేదీలకి సున్నాలు. మూడో ఇంటిదీ అంతే. అక్కడున్న అధికారి ఒక్కో కాగితం పక్కపక్కన పెట్టి వేలితో తేదీలు సరిచూసుకున్నాడు. మామూలుగా ఆ బల్ల దగ్గర ఒక్కొక్కరికి దొరికేది రెండు నిమిషాలు. వాళ్లకి పావుగంట దొరికింది. మూడు వారాల్లో ఆ వీధికి వేరే గేటు వాల్వు పెట్టారు. నీళ్లు రోజూ రావడం లేదు, రోజు విడిచి రోజు వస్తున్నాయి. పూర్తిగా గెలిచామని నేను అనను. సున్నాలు చుట్టడం మాత్రం వాళ్లు ఆపలేదు.

ఆ క్యాలెండర్లు గ్రూపులో లేకపోతే 11 ఇళ్లు మూడు నెలలు కలిసి ఉండేవి కావు, నాలుగోరోజే మానేసేవి. ఒకరి సున్నా చూసి ఇంకొకరు వేశారు. గుజరాత్‌లో, హైదరాబాదులో ఉన్న కొడుకులు అక్కడినుంచే "అమ్మా, ఈ నెల పెట్టలేదేం" అని అడిగారు. మీలాంటి దూరంగా ఉన్నవాళ్లు చేయగలిగిన పెద్ద పని అదే. లెక్క ఆగిపోకుండా చూడటం.

మీ పైపు సంగతికి వద్దాం. ముందు అర్జీ పెట్టండి. గ్రామ సచివాలయంలో ఇవ్వొచ్చు, ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోను చేయొచ్చు, సోమవారం కలెక్టరేటులో ఇవ్వొచ్చు. మనమిత్ర అని 2025 జనవరి 30న మొదలైన వాట్సాప్ సేవ (9552300009) ద్వారా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఎలా ఇచ్చినా నంబరు వస్తుంది. ఆ నంబరే మీ రీల్ కింద రాయండి, ఊరి గ్రూపు వివరణలో పెట్టండి. నంబరు లేని వీడియో గురించి అడిగితే ఎవరైనా "మా దృష్టికి రాలేదు" అనొచ్చు. నంబరుంటే ఆ మాట చెల్లదు. కొన్నాళ్లకి "పరిష్కరించబడినది" అని సందేశం వస్తుంది, పని కాకుండానే. చాలామంది అక్కడ కోపంతో వదిలేస్తారు. వదలొద్దు. ఆరోజు తేదీతో మళ్లీ ఫొటో తీసి, అర్జీని తిరిగి తెరవమని అడగండి.

అర్జీ భాష గురించి కూడా చెప్పాలి. "సదరు గ్రామమునందు నీటి ఎద్దడి నెలకొనియున్నందున తామెల్లరు" అని ఎవరో రాసిపెట్టిన కాగితం మీద వేలిముద్ర వేసిన ఆడవాళ్లను, అందులో ఏముందని అడిగితే చెప్పలేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం దగ్గరిదే. జనం మాట్లాడే మాటకి పుస్తకంలో చోటుండాలని ఆయన జీవితమంతా కొట్లాడారు. ఆయన ఊరివాళ్లం, అర్జీలోనైనా మన మాట రాసుకోలేమా? రాయడం రానివాళ్లను వాయిస్ మెసేజ్ పెట్టమనండి. "పొద్దున్న బిందెలో ఎర్రటి నీరొచ్చింది, పురుగులున్నాయి" అని వాళ్లు చెప్పిందాన్ని చెప్పినట్టే టైపు చేయండి. చదివి వినిపించి, అవునన్నాకే సంతకం పెట్టించండి.

అర్జీతో పాటు సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దీనికి రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా ఊరికి నీళ్లెందుకు రావు" అని అడగకండి, అది సమాచారం కాదు, ప్రశ్న. కాగితం పేరు పెట్టి అడగండి: గత ఆరు నెలల నీటి పరీక్ష నివేదికల నకళ్లు, క్లోరినేషన్ రిజిస్టరు, ఆ పైపులైను మరమ్మతుల ఓచర్లు, మెజర్‌మెంట్ బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఆ పని పేజీలు. రిజిస్టర్లు స్వయంగా వెళ్లి చూస్తామని కూడా రాయొచ్చు, మొదటి గంటకి డబ్బు కట్టక్కర్లేదు. జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కి. ఇంకొకటి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును మార్చారు, వ్యక్తుల వివరాలుంటే నిరాకరించడం తేలికైంది. అందుకని మనుషుల పేర్లు అడగకుండా పనుల లెక్కలు అడగండి.

దరఖాస్తు పెట్టేలోపు ఫోనులోనే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈ-గ్రామ్ స్వరాజ్ సైటులో మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు ఉంటాయి. 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్లకీ, పారిశుద్ధ్యానికీ కేటాయించినవే. మీ ఊళ్లో ఆ పద్దు కింద ఏం చేశామని రాశారో చూడండి, చూసి ఆ పేజీని గ్రూపులో పెట్టండి, పెట్టి వదిలేయకుండా ఆ పని జరిగిన చోటు పక్కనున్న ఇంటివాళ్లని అడగండి. నీళ్ల నాణ్యతకైతే, జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకి ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో పరీక్ష చేయడం నేర్పించే ఏర్పాటుంది. మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కోండి. సీసాలో నీళ్ల రంగు మారడం ఆడవాళ్ల కళ్లముందే జరగాలి.

వీడియోలు, ఫొటోలు దాచే పద్ధతి కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. తీసిన ఫోనులో అసలు ఫైలు చెరపొద్దు. రేపు వ్యవహారం కోర్టుదాకా వెళ్తే, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం దానికి ధ్రువపత్రం మీరూ, ఒక నిపుణుడూ సంతకం చేసి ఇవ్వాలి. ఫొటో ఉంటే చాలు రుజువైపోయిందనుకోవద్దు. ఉపాధి పనుల్లో హాజరు ఫొటోలు 2023 జనవరి నుంచి యాప్‌లో తప్పనిసరి చేశారు. ఫొటోకి ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర శాఖే రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. ఆ ఫొటోలో ఉన్నదెవరో చెప్పగలిగేది ఆ పనిచోట ఉన్న మనుషులే.

ఇక మీ నాన్నగారి సంగతి. మీ ప్రశ్నలో నన్ను బాగా ఆపింది అదే. మాట్లాడింది హైదరాబాదులో ఉన్న మీరు, మాట పడింది ఊళ్లో ఉన్న ఆయన. పింఛనుకైనా, పొలం కాగితానికైనా రేపు ఆయన ఆ మనుషుల దగ్గరికే వెళ్లాలి. తదుపరి పోస్టు పెట్టేముందు ఆయన్ని అడగండి. చట్టం వైపు నుంచి అంత భయం అక్కర్లేదు. పోస్టు పెట్టినందుకే అరెస్టు చేసే వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. గ్రూపులో ఎవరో రాసినదానికి అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. పరువునష్టం కేసు మాత్రం ఉంది, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను. మీ రీల్ చివర్లో "డబ్బులు తినేశారు" అన్నారని రాశారు. దానికి మీ దగ్గర కాగితం ఉందా? లేకపోతే ఆ ముక్క తీసేయండి. పగిలిన పైపు కనబడుతోంది, తిన్నది కనబడటం లేదు. పైపు గురించి మాట్లాడినంతసేపూ ఊళ్లో రెండు పార్టీలవాళ్లూ మీతో ఉంటారు, ఆ నీళ్లు వాళ్లూ తాగుతున్నారు. మనిషి పేరు ఎత్తారా, సగం వీధి పక్కకు తప్పుకుంటుంది.

అర్జీ మీద మొదటి సంతకం మీ నాన్నగారిది కాకుండా చూడండి. వీధిలోని సంఘం తరఫున పెట్టించండి, ఆయన పేరు పదిమంది మధ్యలో ఉండనివ్వండి. అలాగే మీ ఊరి గ్రూపులో 300 మంది ఉన్నారన్నారు కదా, వాళ్లలో ఆడవాళ్లెంతమందో ఒకసారి లెక్కపెట్టండి. మా గ్రూపులో చూస్తే పదోవంతు కూడా లేరు. నీళ్లు మోసేది వాళ్లు, గ్రూపులో మాట్లాడేది మగవాళ్లు. అది సరిచేయకుండా ఊరంతా అనుకుంటోందని అనకూడదు.

గ్రామసభ రోజు మీరు రాలేకపోయినా, నాలుగు రోజుల ముందు అర్జీ నంబరు, సమాచార హక్కు జవాబు, క్యాలెండరు సున్నాల లెక్క ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో తయారుచేసి పంపండి. ఎవరో ఒకరు లేచి దాన్ని పైకి చదవాలి. చదివాక తీర్మానం పుస్తకంలో రాసేదాకా కూర్చోవాలి, రాసిన పేజీని అక్కడే ఫొటో తీసుకోవాలి. ఆ ఫొటో పెట్టండి మీ రీల్‌లో.

ఒక్క వివరం మీరు రాయలేదు. ఆ ట్యాంకు ఏ పథకం కింద కట్టారు? దిమ్మకి శిలాఫలకం ఉండి ఉంటుంది, సున్నం కొట్టేసి ఉంటే తడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. సంవత్సరం, పథకం పేరు, అంచనా వ్యయం కనబడేలా నాన్నగారిని ఫొటో తీసి పంపమనండి. పంచాయతీకి రాయాలో, గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాయాలో దాన్నిబట్టి చెప్తాను, దరఖాస్తు నమూనా కూడా పెడతాను.